నొప్పీ, నువ్వొక్కదానివే రాలేదు

ఓ నడుంనొప్పీ,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి నోరు రావడం లేదు. నువ్వు కుశలమే, లేనిది మేము. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఏ మిలిటరీ పింఛనుదారు ఇంటికి వెళ్లినా అరుగు మీద ఆయన, ఆయన నడుములో నువ్వు. ఇంతమందిని పట్టి పీడిస్తున్నావు కాబట్టి కవర్లో పెట్టి అంటించకుండా నలుగురూ చదివేట్టు రాస్తున్నాను.

నువ్వెక్కడ పుట్టావో మాకు తెలుసు. మీసం సరిగా రాని వయసులో భర్తీ అయ్యి, వీపున పిట్టు సంచి, చేతిలో రైఫిల్‌తో పరుగెత్తినప్పుడు పుట్టావు. ఘాట్ రోడ్డులో లారీ వెనక చెక్కబల్ల మీద గంటల తరబడి ఎగిరెగిరి పడినప్పుడు పెరిగావు. సియాచిన్ మంచులో 1984 నుంచి మనవాళ్లు కాపలా కాస్తూనే ఉన్నారు. అక్కడ డ్యూటీ చేసొచ్చిన మోకాళ్లను అడిగితే నీ చుట్టాల పేర్లన్నీ చెబుతాయి. అక్కడితో ఆగావా? పదిహేను, పదిహేడేళ్ల సర్వీసు చేసి నలభై నిండకముందే ఊరికొస్తే, బ్యాంకు గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం, పొద్దస్తమానం నిలబడే పని. పైగా మాది మెట్ట. వరికుంటపాడు, మర్రిపాడు, ఉదయగిరి వైపు బోర్లలో ఫ్లోరైడ్. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నూ కీళ్లూ బిగుసుకుపోతాయి. సర్వీసు తెచ్చిందెంత, నీళ్లు తెచ్చిందెంత అని విడదీసి చూసే డాక్టరు కావాలంటే దాదాపు వంద కిలోమీటర్లు బస్సులో ఊగుతూ నెల్లూరు పోవాలి. దిగేసరికి నువ్వు రెట్టింపు.

ఇదంతా ఓర్చుకుంటాం, ఓర్చుకోవడం నేర్పే జీతమిచ్చారు మాకు. అసలు ఫిర్యాదు వేరే ఉంది. నువ్వు ఒక్కదానివే రాలేదు. నీ వెనకే నిద్రలేమి వచ్చింది, దాని వెనక చిరాకు, ఆ వెనక దిగులు. రాత్రి రెండింటికి పక్క మార్చబోతే నువ్వు లేపుతావు. లేచాక నిద్ర రాదు, మనసు ఊరుకోదు. తిరిగిరాని తోటివాడు, అందుకోలేకపోయిన ఫోను, పిల్లల ఫీజు, అన్నీ వరసగా వస్తాయి. తెల్లారి ఆ నిద్ర లేని కోపం ఇంట్లోవాళ్ల మీద. "నొప్పి నీకుంటే అరుపులు మాకా?" అని ఇల్లాలు అడిగిన మాటకు జవాబు నువ్వే చెప్పాలి.

మా ఉదయగిరి దుర్గాన్ని కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించాడు. 1514లో అది లొంగింది. గోడలు పగలగొట్టడం కంటే కోటను బయటి ప్రపంచం నుంచి విడగొట్టడమే ముట్టడి. నువ్వు చేస్తున్నదీ అదే. ముందు పొద్దుటి నడక మాన్పించావు. తర్వాత పెళ్లిళ్లకు, తిరణాళ్లకు పోవడం మాన్పించావు. చివరికి మిలిటరీ కాంటీన్ రోజున కలిసే పాత స్నేహితుల్ని కూడా తప్పించావు. మనిషి ఒంటరయ్యాక లొంగదీయడమెంతసేపు?

మాలో చాలామంది సర్వీసులో ఉండగా నీ పేరు ఎత్తలేదు. ఎత్తితే మెడికల్ కేటగిరీ పడిపోతుంది, ప్రమోషన్ ఆగుతుంది, కోర్సు పోతుంది. చిత్రమేమిటంటే, మా ఆరోగ్యాన్ని కొలిచే షేప్ పద్ధతిలో అయిదు గడులున్నాయి: మనసు, వినికిడి, కాళ్లూచేతులూ, దేహదారుఢ్యం, చూపు. మొదటి గడి మనసుదే. కాగితం మీద సైన్యం దాన్ని ముందు పెట్టింది. లైన్లో నిలబడ్డవాడు మాత్రం "అంతా బాగుంది సాబ్" అనే చెప్పాడు. ఆ అలవాటు ఊరికొచ్చినా పోలేదు. "ఏంది మామా, మిలిటరీవాడివి, నడుం పట్టుకోని కూర్చున్నావే?" అని ఎవరైనా అంటే నవ్వి నీ మీదికి తోసేస్తాం. దిగులు మాట మాత్రం గొంతు దాటదు. మగవాడి నోట నువ్వు ఆ దిగులుకు ముసుగయ్యావు.

ఆడవాళ్ల దగ్గర నీ ఆట ఇంకోరకం. ఆత్మకూరులో నాకు తెలిసిన ఒక అక్క మిలిటరీ నర్సింగ్ సర్వీసులో ఆఫీసరుగా చేసి రిటైరైంది. 1926 నుంచి ఉన్న సర్వీసు అది. వైద్య విభాగాలు కాని శాఖల్లో ఆడవాళ్లను ఆఫీసర్లుగా తీసుకున్నది 1992 నుంచి, మిలిటరీ పోలీసులో మహిళా జవాన్ల మొదటి బ్యాచ్ బయటికొచ్చింది 2021లో. అయినా ఒక కాంటీన్ కౌంటర్లో కార్డు చూపిస్తే ఆమెను అడిగిన మాట, "సార్ రాలేదా అమ్మా?" మంచాన పడ్డ జవాన్లను పక్కకు తిప్పీ తిప్పీ ఆమె నడుం పోయింది. కాలు తీసేసిన కుర్రాడు లేని కాలు నొప్పి పుడుతోందని రాత్రంతా ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ ఆమె చెవుల్లో ఉంది. ఈ రెండూ చెప్పబోతే ఒక డాక్టరు తల ఎత్తకుండానే "ఈ వయసులో ఆడవాళ్లకు మామూలే" అని మాత్రలు రాశాడట. మగవాడు దిగులు దాస్తాడు. ఆడమనిషి రెండూ చెప్పినా వినేవాళ్లుండరు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల మీద జరిగిన అధ్యయనాల్లో నడుం, కీళ్ల నొప్పులూ కుంగుబాటూ ఆడవాళ్లలో ఎక్కువని, తాగుడు సమస్య మగవాళ్లలో ఎక్కువని తేలింది. మా మెట్టలో ఆ లెక్క తీయడానికి ఎవరూ రాలేదు కానీ, అరుగుల మీద కూర్చుంటే తెలుస్తుంది.

నిన్ను తరమడానికి మావాళ్లు పట్టుకున్న ఆయుధాలు రెండు. ఒకటి ఆర్‌ఎంపీ దగ్గర సూది, రెండోది కాంటీన్ రమ్ము. సూది పొడిచిన పూట నువ్వు తగ్గుతావు. నెలల తరబడి ఆ మందులే వాడితే కడుపు పుండవుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. రమ్ము కునుకు తెప్పిస్తుంది, నడిరాత్రి అదే లేపుతుంది, దిగులును లోతుకు దించుతుంది. రెండూ నీ పక్షమే.

నొప్పి అంటే శరీరానికి తెలిసే బాధే కాదు, మనసు పడే బాధ కూడా అని ప్రపంచంలోని నొప్పి వైద్యుల సంఘం తన నిర్వచనంలోనే రాసుకుంది, 2020లో మళ్లీ తిరగరాసినప్పుడూ ఆ ముక్క తీసేయలేదు. వెన్ను నుంచి వచ్చే నొప్పిని అదుపుచేసే మెదడు రసాయనాల్లో కొన్ని మన హుషారునూ నడిపిస్తాయి. అందుకే కుంగుబాటుకు ఇచ్చే మందుల్లో కొన్ని నరాల నొప్పికీ పనిచేస్తాయి. ఎక్స్‌రేలో వెన్నుపూస మామూలుగా ఉందంటే మనిషి నటిస్తున్నాడని కాదు అర్థం.

కాబట్టి ఇది నీకు నోటీసు. ఇకమీదట మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు పట్టుకుని ఏ డాక్టరు ముందు కూర్చున్నా నీ పేరుతోపాటు నీ తోడుదొంగల పేర్లూ చెబుతాం. ఎన్ని గంటలు నిద్రపోతున్నాం, ఎవరి మీద అరుస్తున్నాం, బతకాలని ఉందా లేదా, అన్నీ. నెల్లూరు పోలేని రోజున 14416కు ఫోన్ చేస్తాం. మనసు బాధలకు సర్కారు పెట్టిన టెలీ మానస్ నంబరది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు. సూదికి బదులు ఫిజియోథెరపీ వ్యాయామాలు నేర్చుకుని రోజూ కొంచెం నడుస్తాం. ఇద్దరం ముగ్గురం కలిసి నడుస్తాం, నర్సక్కను కూడా పిలుస్తాం. వైకల్య పింఛను కాగితాలు బయటికి తీస్తాం. భర్తీ నాడు లేని జబ్బు సర్వీసులో వస్తే, అది సర్వీసువల్లే వచ్చిందని రుజువు చేసే భారం సైనికుడిది కాదని ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది.

నువ్వు పూర్తిగా పోతావని ఆశ లేదు. పాత బాకీవి, ఉంటావు. ఉంటే నడుములో ఉండు. ఇంటి పెత్తనం మాత్రం నీకు లేదు.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
ఉదయగిరి