చదరపు అడుగు జమీందారీ

తెలుగువాడికి స్థలం మీద ఉన్న యావ ఎరిగినవాడెవడో స్కాట్లాండులో కూర్చుని ఈ పథకం రాశాడనిపిస్తుంది. పడమటి సముద్రంలో ఐలా అనే దీవి మీద లఫ్రోయిగ్ అని ఒక విస్కీ బట్టీ ఉంది. 1994 నుంచి ‘లఫ్రోయిగ్ మిత్రులు’ పేరుతో ఒక సంఘం నడుపుతోంది. చందా లేదు. సీసాతో వచ్చే కోడు నమోదు చేసుకుంటే చాలు, బట్టీ దగ్గరి బీడులో ఒక చదరపు అడుగు నేల జీవితకాలపు కౌలుకి మీ పేరిట రాసిస్తారు. ప్లాటు నంబరుతో పట్టా వస్తుంది. అక్కడితో ఆగితే అది మామూలు బహుమతి అయ్యేది. ఆ అడుగు నేలకి గాను బట్టీ మీకు ఏటా శిస్తు కూడా కడుతుంది. శిస్తు ఒక గుక్క విస్కీ, అదీ మీరు స్వయంగా వెళ్లి పుచ్చుకోవాలి. కౌలుకి రాయించుకున్నవాడికే శిస్తు ఎదురొచ్చే ఈ ఏర్పాటులో ఆసామి ఎవరో, కౌలుదారెవరో తేల్చమంటే పాతకాలపు కరణం కూడా తల గోక్కుంటాడు. లండన్ ఈస్ట్ హామ్‌లో రెండు గదులకి జీతంలో సగం అద్దె కట్టే కుర్రాడికి మాత్రం ఆ సందేహం రాదు. బ్రిటన్‌లో తనకీ భూమి ఉంది, అంతే.

ఆ భూమి ఎంతో ఒకసారి కొలుద్దాం. గజానికి తొమ్మిది చదరపు అడుగులు, ఎకరానికి 43,560. పదెకరాల బీడు చేతిలో ఉంటే 4,35,600 మందిని భూస్వాముల్ని చేయవచ్చు. ఇంత చవగ్గా ఇంతమందికి భూములు పంచిన ప్రభుత్వం చరిత్రలో లేదు. ఇక రిజిస్ట్రేషన్ మాట. స్కాట్లాండు చట్టం ఇలాంటి ముక్కల్ని జ్ఞాపిక ప్లాట్లు అంటుంది. పనికిరానంత చిన్నదై, నాదీ అనుకునే ముచ్చటకి తప్ప విడిగా ఎవరూ కోరుకోని ముక్కని భూమి రిజిస్టరులోకి ఎక్కించరాదని 1979 నాటి చట్టం చెప్పింది, 2012 నాటి చట్టం కూడా అదే పట్టు మీద ఉంది. అంటే మన భాషలో ఈసీ రాదు, బ్యాంకు లోను రాదు, అల్లుడికి కట్నంగా రాసివ్వడానికి లేదు. ఈ విద్య స్కాట్లాండుదే కూడా కాదు. 1955లో అమెరికాలో క్వేకర్ ఓట్స్ కంపెనీ తన అటుకుల డబ్బాల్లో కెనడాలోని యూకాన్ ప్రాంతపు భూమిని చదరపు అంగుళం చొప్పున 2 కోట్ల 10 లక్షల పట్టాలుగా పంచింది. డబ్బాలు ఖాళీ అయ్యాయి, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. పన్ను బకాయి 37 డాలర్ల 20 సెంట్లు ఎవరూ కట్టకపోవడంతో 1965లో ఆ నేల మొత్తాన్ని కెనడా సర్కారు వెనక్కి లాక్కుంది. పట్టాలు మాత్రం పాత వస్తువుల సంతలో ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి. నేల కంటే కాగితం ఎక్కువకాలం బతుకుతుందని తెలుసుకోవడానికి మనం యూకాన్ దాకా పోనక్కర్లేదు గానీ, తోడున్నారని తెలిస్తే అదో ఊరట.

ఇలాంటి క్లబ్బులో చేరాలా వద్దా అని తర్జనభర్జన పడేవాళ్లు చందా ఎంత, దక్కేదెంత అని లెక్క మొదలుపెడతారు. లెక్క మొదలుపెట్టిన చోటే పొరపాటు ఉంది. బట్టీకి మీ చందా అక్కర్లేదు, మీతో చుట్టరికం కావాలి. పరాయి కొట్లో వంద చెబితే యాభైకి అడిగే మనిషి, చుట్టం కొట్లో వందా కట్టేసి, పైగా ఇచ్చిన కాఫీకి మొహమాటపడి ఇంకో జాకెట్టు గుడ్డ కొనుక్కుని వస్తాడు. “బాబాయ్, ఇంటి మనుషులు, మీ దగ్గర ఎక్కువ తీసుకుంటానా” అన్నాక బేరం నోట్లోనే ఉండిపోతుంది. కొనేవాడిని మిత్రుడనీ, కమిటీ సభ్యుడనీ, భూస్వామనీ పిలవడం వెనక ఉన్న కిటుకు ఇదే. మన బట్టల కొట్టువాడు ఒక్కొక్కరినీ పేరుపెట్టి, వరసపెట్టి పిలవాలి. బట్టీకి ఆ శ్రమ లేదు, లక్షల మందికి ఒకే వరస సరిపోతుంది.

ఐలాలోనే లఫ్రోయిగ్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఆర్డ్‌బెగ్ బట్టీని చూస్తే ఈ చుట్టరికం పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. ఆర్డ్‌బెగ్ 1981లో మూతపడింది. 1989లో అరకొరగా తెరుచుకుని 1996లో మళ్లీ తాళం పడింది. కాచినంత విస్కీకి కొనేవాళ్లు లేక స్కాట్లాండు అంతటా బట్టీలు ఆరిపోయిన కాలం అది. అదే తీరాన ఉన్న పోర్ట్ ఎలెన్ 1983లో మూతపడి 2024 దాకా తెరుచుకోలేదు. 1997లో గ్లెన్‌మోరంజీ కంపెనీ ఆర్డ్‌బెగ్‌ని కొని, డబ్బు పోసి నిలబెట్టింది. అంతా కుదుటపడ్డాక 2000లో ఆర్డ్‌బెగ్ కమిటీ పుట్టింది. ఈ తలుపులు ఇంకెన్నడూ మూతపడకుండా చూడటం దాని ఆశయమట. రోగి లేచి తిరుగుతున్నాక మంచం చుట్టూ చేరిన బంధువుల్లా ఇప్పుడు లక్షకు పైగా సభ్యులు ఉన్నారు. ఇంతమంది ఉన్న కమిటీ పాతికేళ్లుగా రెండుగా చీలలేదంటే తెలుగు సంఘాలు నడిపినవాళ్లెవరూ నమ్మరు. రహస్యం చిన్నదే: ఎన్నికలు లేవు, ఛైర్మన్ కంపెనీ మనిషే. 2004లో ఆర్డ్‌బెగ్‌తో సహా గ్లెన్‌మోరంజీ మొత్తం ప్యారిస్‌లోని ఎల్‌వీఎంహెచ్ చేతికి వెళ్లింది. హ్యాండుబ్యాగులు, అత్తర్లు అమ్మే ఆ సంస్థకి తలుపులు అప్పగించేముందు తలుపుల కాపలాదారుల్ని ఓటు అడగలేదు. 2022లో 1975 నాటి ఒక్క పీపాని ఆసియాలోని ఒక సేకర్తకి 1 కోటి 60 లక్షల పౌండ్లకి అమ్మినప్పుడూ అడగలేదు. కమిటీ అన్న మాటకి మనం ఇచ్చుకునే అర్థాలన్నీ తీసేస్తే మిగిలేది ఈమెయిళ్ల జాబితా.

ఉచితమే కదా, చేరితే పోయేదేముంది అంటారు. బలమైన వాదనే. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతాం అని మనల్ని మనమే వెక్కిరించుకుంటాం, లఫ్రోయిగ్ విషయంలో అది రుచి వర్ణనకి చాలా దగ్గర. మొలకెత్తిన బార్లీని పీట్ అనే మట్టిగడ్డల పొగమీద ఆరబెడతారు. ఆ పొగలోని ఫినాల్స్ గింజకి పట్టి, చివరికి గ్లాసులో ఆసుపత్రి వరండా వాసనై తేలతాయి. కొత్తగా తాగినవాళ్లు చేసిన ఎగతాళినే కంపెనీ ప్రకటనలుగా వేసుకుంది కూడా. మద్యనిషేధం నాటి అమెరికాలోకి ఇది మందు పేరుతో వెళ్లిందని గొప్పగా చెప్పుకుంటారు. 1995లో ఎన్టీఆర్ నిషేధం పెట్టినప్పుడు ఆ తెలివి మనవాళ్లకి తట్టలేదు గానీ, డెట్టాలు లెక్కన అయినా సరిహద్దు దాటి ఉండేది.

సరే, ఉచితం. కానీ ఉచితమైనది సభ్యత్వం మాత్రమే, సీసా కాదు. సభ్యులకి దక్కేది ప్రత్యేక సీసా కొనుక్కునే హక్కు, అంటే క్యూలో చోటు. సాదా పదేళ్ల ఆర్డ్‌బెగ్ 50 పౌండ్ల చుట్టూ దొరుకుతుంటే, కమిటీ కోసమని తీసే సీసాలు ఈమధ్య తరచుగా 100 దాటుతున్నాయి. వాటిలో చాలావాటి మీద వయసే ఉండదు. వయసు రాయని స్కాచ్‌కి 2009 నాటి నిబంధనలు ఇచ్చే హామీ ఒకటే, ఓకు పీపాలో కనీసం మూడేళ్లు ఉందని. పదేళ్లదానికంటే కుర్రదో పెద్దదో తెలియని సరుకుకి రెట్టింపు ఇస్తున్నాం, అదీ చుట్టరికం మీద. కొనేది ఏ సీసా అయినా అడక్కుండానే చేరిపోయే శాశ్వత సభ్యుడు ఇంకొకడున్నాడు. 2025 ఫిబ్రవరిలో లీటరు స్వచ్ఛమైన ఆల్కహాలు మీద సుంకం 32 పౌండ్ల 79 పెన్నీలకి చేరింది. ఆ లెక్కన 40 శాతం బలం, 70 సెంటీలీటర్ల సీసాలో 9 పౌండ్ల పైచిలుకు ఖజానాది, ఆపైన 20 శాతం వ్యాట్. ఖజానావారు ఏ పట్టా ఇవ్వరు, మిత్రమా అని కూడా పిలవరు. ఉన్నవాళ్లలో నిజాయితీపరులు వాళ్లే.

తాగడానికి కాదండీ, దాచడానికి అనే పెద్దమనుషులు ఉంటారు. సీసా దాస్తే ధర పెరుగుతుందని, పీపా కొంటే ఇంకా పెరుగుతుందని. 2023 నవంబరులో లండన్ సదబీస్ వేలంలో 1926 నాటి మెకాలన్ సీసా 20 లక్షల పౌండ్లు దాటిన మాట నిజమే. లాటరీ తగిలినవాడి ఫొటో చూసి టికెట్టు కొనడానికీ దీనికీ తేడా ఏమిటో చెప్పాలి. పీపా సంగతి అంతకంటే వినసొంపు. ఓకు చెక్కలోంచి ఏటా సుమారు 2 శాతం గాలిలో కలుస్తుంది, దేవతల వాటా అంటారు. మిగిలిన వాటా మీదేనని నమ్మించి, ఒకే పీపాని పలువురికి అమ్మిన బాగోతాలని 2025లో బీబీసీ బయటపెట్టింది. పీపాల పెట్టుబడి కంపెనీల మీద లండన్ సిటీ పోలీసుల దర్యాప్తు నడిచింది. ఒకే ప్లాటుకి డబుల్ రిజిస్ట్రేషన్ అంటే శంషాబాద్ చుట్టుపక్కల పసిపిల్లాడికి కూడా తెలుసు. గిడ్డంగిలో చీకట్లో ఉన్న పీపా దగ్గరికి వెళ్లి హద్దురాళ్లు చూసుకునే వీలు కూడా లేదు. దానితో పోలిస్తే లఫ్రోయిగ్ అడుగు నేల ఎంతో నయం, ఎవరూ ఎగరేసుకుపోరు.

అసలు క్లబ్బు అనేదే మోసమంటారా అని నిలదీస్తే, కాదు. 1970ల చివర ఎడిన్‌బరాలో పిప్ హిల్స్ అనే ఆయన స్నేహితులతో డబ్బులు పోగేసి గ్లెన్‌ఫార్‌క్లాస్ బట్టీలో ఒక పీపా కొని, తన పాత లగొండా కారులో వేసుకొచ్చాడు. ఊళ్లో యాటను కోసి పోగులు వేసుకున్నట్టు తలా కాస్త పంచుకున్నారు. పోగుల్లో ఉన్న న్యాయం ఏమిటంటే, కోసేవాడూ తినేవాడూ ఒకే చాప ముందు కూర్చుంటారు. తూకం తప్పితే అక్కడికక్కడే రచ్చ. ఆ పంపకమే 1983లో స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ అయింది. 2004లో దాన్ని కూడా గ్లెన్‌మోరంజీ కొనేసింది, 2015లో అమ్మేసింది, 2021లో దాని యజమాని కంపెనీ స్టాక్ మార్కెట్టుకి ఎక్కింది. పోగు వేసుకున్నవాడు చందాదారయ్యాడు, ఆనక షేరు ధర పట్టికలో ఒక అంకె అయ్యాడు. డింగ్‌వాల్ ఊళ్లో గ్లెన్‌వివిస్ అని ఇంకో రకం బట్టీ ఉంది. 2016లో జనం దగ్గర వాటాలు సేకరించి కట్టుకున్నది, ఎవరికెంత వాటా ఉన్నా మనిషికి ఒకటే ఓటు. లాభం వస్తుందన్న భరోసా లేదు, నష్టం వస్తే మీదీ ఉంది. సభ్యత్వమంటే ఇది. ఇందులో చేరాలా వద్దా అని బుర్ర బద్దలు కొట్టుకోవచ్చు, ఆ ప్రశ్నకి ఆ మర్యాద తగును. ఆంధ్రలో 2019 నుంచి అయిదేళ్లు సర్కారు దుకాణాల్లో పెట్టిన సరుకే తాగాల్సి వచ్చింది. అదీ ఒక క్లబ్బే, రాష్ట్రమంతా సభ్యులే, చేరాలా వద్దా అనే బాధ మాత్రం లేదు.

ఇదంతా సరదా, అటువాళ్లకీ తెలుసు, ఇటువాళ్లకీ తెలుసు, నువ్వెందుకు పట్టా పట్టుకుని కోర్టుకెక్కినట్టు మాట్లాడతావు అనేవాళ్లతో నాకు పేచీ లేదు. మంచి హాస్యమే. మిత్రుల సంఘం పుట్టిన 1994లోనే ఇప్పటి రాజుగారు, అప్పటి యువరాజు, ఐలాలో తాను నడుపుతున్న విమానాన్ని రన్‌వే దాటించి బురదలో దించారు. ఆ రాకలోనే లఫ్రోయిగ్‌కి రాజముద్ర కూడా దక్కింది. దీవిలో కాస్త నేల పట్టు దొరికించుకోవడంలో ఆయన మనకంటే ముందున్నారు. సుమారు 3 వేల జనాభా ఉన్న దీవికి బట్టీలే బతుకుతెరువన్న మాట కూడా నిజం. లాభం మాత్రం లఫ్రోయిగ్‌ది జపాను యజమాని సంటోరీకి, ఆర్డ్‌బెగ్‌ది ప్యారిస్‌కి చేరుతుంది. పొగ దీవిలో ఉంటుంది.

కాబట్టి ఉచితమైనవాటిలో చేరండి, పట్టా ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకోండి, ఇండియా నుంచి మామగారు వచ్చినప్పుడు చూపించండి. ప్రత్యేక సీసాకి మాత్రం చుట్టం కొట్లో కాకుండా పరాయి కొట్లో ఇచ్చే ధరే ఇవ్వండి. ఇక శిస్తు వసూలు. ఇక్కడి పబ్బు కొలత 25 మిల్లీలీటర్ల లెక్కన 28 ఏళ్ల శిస్తు కలిపితే ఒక సీసా. దానికోసం గ్లాస్గో దాటి కెన్నాక్రెయిగ్ రేవు దాకా వెళ్లి, గాలి తిరగబడకపోతే సుమారు రెండు గంటల పడవ ఎక్కాలి. అక్కడ బురదకి బూట్లు, ప్లాటు వెతుక్కోవడానికి పటం, నాటుకోవడానికి చిన్న జెండా వాళ్లే ఇస్తారు. మువ్వన్నెల జెండా గుచ్చితే పక్క అడుగులో జర్మనీ, వెనక అడుగులో స్వీడన్. ఫొటో తీసుకుని, బూట్లు కడుక్కుని లోపలికొస్తే గుక్కెడు శిస్తు చేతికొస్తుంది. దుకాణం ఆ పక్కనే. అరలో ఈ ఏటి మిత్రుల సీసా, పేరు కార్చస్, గేలిక్‌లో స్నేహమని అర్థం. జమీందారుగారు జేబులోంచి కార్డు తీస్తారు. రసీదు ఇమ్మంటారా అని కౌలుదారు వినయంగా అడుగుతాడు.