ఫ్లెక్సీ మీది దర్శనం

తెలుగు క్రైస్తవ సంఘాలలో యువజన పరిచర్యకు, అంటే సండేస్కూలు దాటిన పిల్లల మొదలు పెళ్ళి కావలసిన యువతీయువకుల వరకు సంఘం చేసే ఆత్మీయ పోషణకు, ఇటీవల ఒక కొత్త సంస్కారం వచ్చి చేరింది. బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనాల సరసన మూడవదిగా నిలవగలిగినంత భయభక్తులతో జరిగే ఈ తంతుకు ‘విజన్, మిషన్’ అని పేరు. పరిచర్య చివరకు ఏ స్థితికి చేరాలో చెప్పేది విజన్ అనీ, అందుకోసం రోజూ ఏ పని చేయాలో చెప్పేది మిషన్ అనీ రిట్రీట్‌కు వచ్చిన ప్రసంగీకుడు ప్రొజెక్టరు వేసి వివరిస్తాడు. ఈ భేదం భోజనాల గంట కొట్టే వరకు అందరికీ స్పష్టంగానే ఉంటుంది.

ఫలితం ఫ్లెక్సీ రూపంలో వెలువడుతుంది. పైన పావురం, కింద అగ్నిజ్వాల, నడుమ భూగోళం, కుడివైపు పాస్టరు గారి దంపతులు, ఎడమవైపు ఖర్చు భరించిన దాత, వీరందరూ పోగా మిగిలిన జాగాలో, ఆత్మపూర్ణులై ప్రపంచాన్ని ప్రభావితం చేసే నాయకులుగా యువతను తీర్చిదిద్దడమే తమ దర్శనమన్న వాక్యం. ఇందులో ‘ఆత్మపూర్ణులై’ అన్న ఒక్క మాట కొట్టేసి ‘నైపుణ్యవంతులై’ అని రాస్తే అది ఏ ఇంజినీరింగు కాలేజీ గోడకైనా సరిపోతుంది; సంఘం పేరు మారిస్తే, ఏళ్ళ తరబడి మాటలు లేని పక్కవీధి సంఘానికీ చక్కగా అమరుతుంది. నలభై ఇళ్ళ పేటలో నిలబడి ప్రపంచాన్ని కదిలించబూనిన ఈ వాక్యంలో ఆ పేట పేరుకు మాత్రం చోటు లేదు. రెండు వానాకాలాలు గడిచాక ఫ్లెక్సీ ఎవరి పాకమీదికో చేరి, అప్పుడు నిజంగానే ఒకరికి నీడనిస్తుంది.

మిషన్ అన్న మాట తెలుగు క్రైస్తవులకు కొత్తది కాదు. మిషన్ ఆసుపత్రి, మిషన్ బడి, మిషన్ కాంపౌండు అన్నప్పుడు అది గోడలూ బావీ చింతచెట్లూ ఉన్న చోటు. నడిచి వెళ్తే అక్కడ గాయానికి కట్టు కట్టేవారు, అక్షరం దిద్దించేవారు ఉండేవారు. విజన్ వేరే దారిన వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో మెకిన్సే అనే సలహాసంస్థ తోడ్పాటుతో ‘విజన్ 2020’ పత్రాన్ని వెలువరించాక, ఏ సంవత్సరాన్నైనా తగిలించుకోగల ఆ మాట ఊరూరా పాకింది. 2020 వచ్చి వెళ్ళింది, 2047 పేరిట మరొకటి వచ్చింది, సంఘాలు వినయంగా 2030తో సరిపెట్టుకుంటున్నాయి.

ఈ తంతుకు వాక్యాధారంగా ప్రసంగీకులు చూపేది సామెతలు 29:18. చూపేది ఇంగ్లీషు బైబిలులో. ఎందుకంటే 1611 నాటి ఆ అనువాదంలో ‘విజన్’ అని ఉన్నచోట తెలుగు బైబిలులో ఉన్న మాట ‘దేవోక్తి’, అంటే దేవుడు పలికినది. మూలంలోని హీబ్రూ పదం సైతం ప్రవక్తకు కలిగే దర్శనాన్ని చెప్పేదే తప్ప కమిటీ కూర్చే ప్రణాళికను చెప్పేది కాదు. ‘దేవోక్తి స్టేట్‌మెంట్’ తయారుచేయడానికి కోర్ టీము శనివారం పదకొండు గంటలకు హాజరు కావాలని ప్రకటించడం ఎంతటి విశ్వాసవీరుడికైనా కష్టం కనుక, తెలుగు బైబిలు ఆ పూట మూసే ఉంటుంది. దర్శనాన్ని పలకమీద రాయమన్న ఆజ్ఞ అందుకున్న హబక్కూకు ప్రవక్తనూ సాక్ష్యానికి పిలుస్తారు గాని, అదే అధ్యాయం అన్యాయార్జితంతో ఇల్లు కట్టుకునేవారికి శ్రమ అంటుందన్న సంగతిని, మందిరానికి చందాలు వసూలవుతున్న వేళ, ఎవరూ ఎత్తరు.

ఉద్దేశమే లేకుండా పరిచర్య నడవాలని ఎవరూ అనరు. 1844లో లండన్‌లో జార్జ్ విలియమ్స్ తోటి బట్టల దుకాణాల గుమాస్తాలతో కలిసి వై.ఎం.సి.ఎ.ను స్థాపించినప్పుడు వారు కోరింది ఆ వర్తకంలో పనిచేసే యువకుల ఆత్మీయ స్థితి బాగుపడడం. ప్రపంచం సంగతి తర్వాత వచ్చింది. 1881లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ ప్రారంభించిన క్రిస్టియన్ ఎండెవర్‌లో చేరినవారు రోజూ ప్రార్థించి బైబిలు చదువుతామనీ, కూటంలో నోరు విప్పుతామనీ మాట ఇచ్చేవారు. తప్పితే ఇట్టే తెలిసిపోయే మాటలివి. 1912లో భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పు అయిన దోర్నకల్ అజరయ్య, బాప్తిస్మం పొందినవారిచేత నెత్తిన చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పలికించేవారని చెబుతారు. అలా పలికినవారిలో అక్షరం రానివారే ఎక్కువ గనుక ఫ్లెక్సీ ఉన్నా అక్కరకు వచ్చేది కాదు.

నేటి యూత్ మీటింగుకు ఇంటర్ హాస్టల్లో ఆదివారం కూడా పరీక్ష రాస్తున్న కుర్రవాడు రాలేదు, సెంట్రింగు పనికి వెళ్ళినవాడు రాలేదు. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయికి మిషన్ అంటే ఇంటిల్లిపాదినీ పోషిస్తున్న కుట్టుమిషనే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణలు ఎస్సీ హోదాను హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు పరిమితం చేయడంతో, క్రైస్తవం పుచ్చుకున్న దళితుల పిల్లలు తెలుగు రాష్ట్రాలలో బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషనుతో సర్దుకోవాలి. దరఖాస్తులో మతం అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయిన యువకుడు, అక్కడ ఏమి రాయాలో, రాసింది అబద్ధమైతే ప్రభువు బల్ల దగ్గరకు ఏ ముఖంతో రావాలో పాస్టరు గారిని అడగలేక ఊరుకుంటున్నాడు. ప్రపంచాన్ని ప్రభావితం చేసే వాక్యంలో ఆ గడి ఊసు లేదు.

కొత్త ఫ్లెక్సీకి ఆర్డరు ఇవ్వబోయే సంఘ పెద్దలు ముందుగా హాజరుపట్టీ తీసి, మూడు నెలలుగా రానివారి పేర్లు లెక్కపెట్టి, ఆ ఇళ్ళకు ఒక్కసారి వెళ్ళి రావాలి. ఆర్డరు ఆ తర్వాత ఇచ్చుకోవచ్చు. ప్రింటింగు షాపు ఎక్కడికీ పోదు.