వడియాల వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: “ఒరేయ్, గాలి తిరిగింది. వడియాలు కాకులపాలవుతాయి, డాబా ఎక్కరా!”

అవతారిక: చైత్ర బహుళమున, కాకినాడలో, భోజనములు ముగిసి, తాతగారు వార్తాపత్రికను ముఖముపై కప్పుకొని పడకకుర్చీలో గురక పెట్టుచుండగా, వంటింటి గడపపై తల ఆనించి పరుండిన మామ్మ కనులు తెరువకయే పలికిన వాక్యమిది. మల్లినాథసూరి దృష్టికి రాకుండుటచేతను, వావిళ్ళవారు అచ్చువేయకుండుటచేతను ఇంతవరకు దీనికి వ్యాఖ్య లేదు.

టీక: ఒరేయ్ = సంబోధనము. మనుమలలో ఎవ్వరినని విశేషింపబడలేదు గనుక, ప్రతివాడును ఇది రెండవవానికి చెల్లునని గ్రహించి ఊరకుండుట సంప్రదాయము. గాలి తిరిగింది = పడమటిగాలి తగ్గి, సముద్రమువైపునుండి పైరగాలి పట్టినది. ఎండకు సముద్రముకంటె నేల త్వరగా కాగుటచేత, నేలమీది గాలి తేలికయై పైకి లేవగా, ఆ చోటికి కడలిమీది చల్లనిగాలి వచ్చి చేరుననుట శాస్త్రము. మామ్మ ఈ శాస్త్రమును చదువలేదు. కిటికీరెక్క ఏ గోడకు కొట్టుకొన్నదో చెవితో పట్టి, వచ్చిన గాలిలో తేమ ఉన్నదనియు, సగము ఎండిన సగ్గుబియ్యపు వడియములు మెత్తబడుననియు ఊహించినది. డాబా ఎక్కరా = విధి. చెప్పులు వెదకుకొనుటకు వ్యవధి లేదనుట వ్యంగ్యము. అంగలు వేసినకొలది అర్థము స్ఫుటమగును.

విశేషములు: వసంతవాక్యమున కోకిల లేకుండుట దోషము కాదా యని కొందరు శంకింతురు. కాదు. కాకిని చెప్పినచోట కోకిల చెప్పకయే వచ్చును. ఏలయన కోకిల గుడ్డు పొదుగబడునది కాకిగూటిలోనే గదా. మన కవులు వేనోళ్ళ పొగడిన ఆ కూత ఎఱ్ఱకన్నుల నల్లని మగపక్షిది. చుక్కల మేనితో మామిడికొమ్మలలో పొంచి, కాకి గూడు విడుచు అదను కనిపెట్టి కార్యము నెరవేర్చునది ఆడుపక్షి. పాడువారొకరు, పాటుపడువారు వేఱొకరు అను ఈ న్యాయము పడకకుర్చీకిని వంటింటికిని అన్వయించునేమో రసజ్ఞులు విచారింతురు గాక. కాకిని గూటినుండి ఈవలికి రప్పించుటకై మగకోకిల పడెడి శ్రమను డాబామీది వడియములు తేలికగా తీర్చుచున్నవి. కావున మనుమడు జాగుచేసిన ప్రతి నిమిషమును కోకిలవంశవృద్ధికే వినియోగపడునని మా మతము.

ఉడుతను గూర్చి మూలము మౌనము. అది పిట్టగోడపై కూర్చుండి, వడియమును రెండు చేతులతో త్రిప్పి త్రిప్పి అంచులు కొఱుకుచుండినను మామ్మ దానిని దొంగలలో చేర్పలేదు. రాముడు నిమిరిన వీపు గలదానిని కఱ్ఱతో తోలుట ఆ యింట ఆచారము కాదు.

ఇంతలో పత్రిక క్రిందినుండి “వెళ్ళరా, మామ్మ పిలుస్తుంటే వినబడదూ?” అను వాక్యమొకటి వినబడును. అది ప్రక్షిప్తము. కనుక వ్యాఖ్యానింపలేదు.