ఎడమకాలి మీద విచారణ

కారులో ఏ భాగం పోయినా లోకం జాలిపడుతుంది. బ్యాటరీ దిగిపోతే "అయ్యో, పొద్దున్నే ఎంత ఇబ్బంది" అంటుంది. టైరు పంక్చరైతే మన తరఫున కార్పొరేషన్‌ని తిడుతుంది. ఏసీ పనిచేయకపోతే కంపెనీ వాళ్లకి శాపనార్థాలు పెడుతుంది. క్లచ్ పోయిందని చెప్పి చూడండి. ఎదుటివాడి చూపు మన మొహం మీంచి మెల్లగా దిగి ఎడమకాలి దగ్గర ఆగుతుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట అన్న సామెత వాళ్ల పెదాల చివరన కనిపిస్తూనే ఉంటుంది. అదీ కొత్త కారైతే ఇక చెప్పక్కర్లేదు. దొంగతనం కేసులో ఇరుక్కున్నవాడికైనా మాట్లాడే అవకాశం ఇస్తారు.

మాది ఏడాది తిరక్కుండానే పోయింది. బానెట్ మీద పూజలో పెట్టిన పసుపు ఓ మూల ఇంకా అలాగే ఉంది. అత్తగారినీ మామగారినీ అప్పన్న దర్శనానికి తీసుకెళ్తూ సింహాచలం ఘాట్ ఎక్కుతున్నాను. ఉన్నట్టుండి ఇంజన్ గోల పెట్టింది. మీటరులో ముల్లు నాలుగు వేలు దాటింది. బండి మాత్రం ముసలాయన మెట్లెక్కినట్టు కూడా కదలడం లేదు. తర్వాత వాసన. "ఎవరో టైర్లు తగలబెడుతున్నారు, అద్దాలెత్తు బాబూ" అన్నారు మామగారు. అత్తగారు దీపారాధన నూనె ఒలికిందేమోనని సంచీ తడుముకున్నారు. అద్దాలెత్తినా వాసన పోలేదు. మనదే అయినప్పుడు ఎక్కడికి పోతుంది? వెనకాల బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "క్లచ్ పోనాది బాబూ, పక్కకి తీసీయండి" అన్నాడు. ఈ వ్యవహారం మొత్తంలో పైసా తీసుకోకుండా రోగం పేరు చెప్పిన మనిషి ఆయనొక్కడే.

క్లచ్ గొడవ లేని అదృష్టవంతుల కోసం రెండు మాటలు. ఇంజన్ తిరుగుతూనే ఉండాలి, చక్రాలు మాత్రం మధ్యమధ్య ఆగాలి. అందుకని ఇంజన్ వైపు ఫ్లైవీల్ అనే బరువైన ఇనప చక్రం, గేర్‌బాక్స్ వైపు రెండు మొహాలకీ గరుకు పదార్థం అతికించిన ఓ పళ్లెం. ఆ పళ్లేన్ని వెనకనించి స్ప్రింగు బలంతో ఫ్లైవీల్‌కి అదిమిపెట్టే ప్రెషర్ ప్లేటు. పెడల్ జోలికి పోకపోతే అన్నీ కలిసే తిరుగుతాయి. కాలు పెడితే విడిపోతాయి. ఉమ్మడి కుటుంబం అన్నమాట. పూర్తిగా కలిసినా బాధలేదు, పూర్తిగా విడిపోయినా బాధలేదు. సగం కలిసి సగం విడిపోయి ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉన్నప్పుడే వేడి పుట్టి మాడిపోతాయి. దాన్నే హాఫ్ క్లచ్ అంటారు. సరిగ్గా వాడితే లక్ష కిలోమీటర్లు వచ్చే క్లచ్‌లు బోలెడు. మాది అందులో పదో వంతు కూడా రాలేదు.

కారును లారీ మీద ఎక్కించి సర్వీస్ సెంటర్‌కి చేర్చాం. అక్కడ ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఓ అబ్బాయి చేతిలో ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. హ్యాండ్ బ్రేకు లాగి, నాలుగో గేరు వేసి, క్లచ్ వదిలేశాడు. బాగున్న బండైతే ఒక్క కుదుపు కుదిపి ఇంజన్ ఆగిపోవాలట. మాది చక్కగా తిరుగుతూనే ఉంది. ఆ రోజు అది సంతోషంగా చేసిన పని అదొక్కటే. అబ్బాయి బండి దిగి, బానెట్ కూడా ఎత్తకుండానే తీర్పు చెప్పేశాడు.

"డ్రైవింగ్ హ్యాబిట్ సార్."

తర్వాత ట్యాబ్ మీద వేలు ఆడిస్తూ, "బండి ఎవరెవరు నడుపుతారు సార్? మేడమ్ కూడానా?" అన్నాడు.

పాపం, ఆ 'కూడానా' అతను అనకుండా ఉండాల్సింది. మా ఆవిడ జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతుంది. ఇంట్లో హ్యాండ్ బ్రేకు వాడి ఎత్తు మీద బండి ఆపే మనిషి తనే. మౌనంగా చేతిసంచి కుర్చీలో పెట్టింది. ఆ పెట్టే తీరు చూస్తే ఎనిమిదో తరగతి వెనక బెంచీ పిల్లలు సర్దుకుని కూర్చుంటారు.

"స్థైతిక ఘర్షణ చాలక జారిందా నాయనా, జారుడు ఘర్షణ ఎక్కువై అరిగిందా?" అంది.

"వేర్ అండ్ టేర్ మేడమ్."

"అరిగిందంటే మందం తగ్గాలి. తగ్గిందని ఎలా తెలిసింది నీకు, చూడకుండానే?"

చూడాలంటే గేర్‌బాక్స్ దింపాలి. దింపాలంటే కూలి అవుతుంది. క్లచ్ ప్లేటు వారంటీలోకి రాదు కాబట్టి ఆ కూలి మేమే ఇచ్చుకుంటామని ముందు సంతకం పెట్టాలి. వారంటీ పుస్తకం తెరిచి చూపించాడు. వైపర్ బ్లేడు, బ్రేక్ ప్యాడ్లు, బల్బులు, వాటి పక్కన మా క్లచ్ ప్లేటు. పోయే అవకాశమున్న వస్తువులన్నీ ఏరి ఒకే పేరాలో పెట్టారు. స్టీరింగ్ చక్రానికి మాత్రం వారంటీ ఉంది. అది పోయినట్టు నేనెక్కడా వినలేదు.

కారు అక్కడ పడి ఉన్న రోజుల్లో చుట్టాలు తలో చెయ్యీ వేశారు. "మా అంబాసిడర్‌కి ఈ రోగాలు లేవురా" అన్నారు నాన్న. ఆ అంబాసిడర్‌ని ఇంటిల్లిపాదీ తోసిన రోజుల గురించి నేను నోరెత్తలేదు. అందరికన్నా గట్టిగా పాఠం చెప్పింది మా తోడల్లుడు. "కాలు పెడల్ మీదే ఉంచుకుంటావనుకుంటా" అన్నాడు ఫోన్లో. ఆయనది ఆటోమేటిక్. మూడో పెడలే లేదు. తోటికోడలు నవ్విందని ఏడ్చిన కోడలి బాధ నాకప్పుడు అర్థమైంది. అన్నట్టు, కొన్ని ఆటోమేటిక్ బళ్లలో ఒకటికి రెండు క్లచ్‌లుంటాయి. వాటిలో పొడి రకమైతే సిగ్నళ్ల దగ్గర ట్రాఫిక్‌లో వేడెక్కి మొరాయించడం మామూలే. ఆయన బండిలో ఉన్నదీ ఆ రకమే. ఈ సంగతి ఇంకా చెప్పలేదు. దాచుకున్నాను.

ఆ రోజుల్లోనే బెర్తా బెంజ్ గురించి చదివాను. 1888 ఆగస్టులో ఆవిడ మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల కారులో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వెళ్లింది. ఇంచుమించు వంద కిలోమీటర్లు. దారిలో చెక్క బ్రేకులు అరిగిపోతే ఓ చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆపి వాటికి తోలు కొట్టించింది. ఆయన తోలు కొట్టి పంపించాడు గానీ "మీరు ఎలా నడుపుతారు మేడమ్?" అని అడిగినట్టు ఎక్కడా రాయలేదు. బ్రేక్ లైనింగ్ అక్కడే పుట్టిందంటారు. ఆ చెప్పులాయన చేతిలో ట్యాబ్ ఉండుంటే పుట్టేది కాదని నా నమ్మకం.

చివరికి సంతకం పెట్టాం. గేర్‌బాక్స్ దించే రోజున మా ఆవిడ సెలవు పెట్టి, స్కూల్ ల్యాబ్‌లోంచి వెర్నియర్ కాలిపర్స్ పట్టుకొచ్చింది. ఎవరూ అడక్కముందే స్టాక్ రిజిస్టర్లో రాసే తెచ్చానంది.

కింద పని చేస్తున్న కుర్రాడు ప్లేటు తీసి పాత న్యూస్ పేపరు మీద పెట్టాడు. పెట్టిన చోట పేపరు మీద నూనె మరక గుండ్రంగా పాకింది. అందరం దాన్నే చూస్తున్నాం, ఇస్త్రీ చొక్కా అబ్బాయి తప్ప. ఆయన ట్యాబ్ చూస్తున్నాడు. లైనింగ్‌లో రివెట్లు ఇంకా లోతుగానే ఉన్నాయి. అరిగిపోతే అవి పైకి తేలి ఫ్లైవీల్‌ని గీరాలి. ప్లేటు నల్లగా మాడింది గానీ అరగలేదు. ఆవిడ పార్ట్స్ కౌంటర్‌కి వెళ్లి కొత్త ప్లేటు అడిగి తెప్పించి, రెంటినీ కొలిచి, రెండు రీడింగులూ ఆ అబ్బాయి చేతే చదివించింది. రెంటికీ మిల్లీమీటరు తేడా కూడా లేదు. అతను వెర్నియర్ స్కేలు తప్పు చదివితే సరిదిద్ది మళ్లీ చదివించింది కూడా.

"క్రాంక్ షాఫ్ట్ వెనక సీల్ లీకవుతోంది మేడమ్. ఆయిలు ప్లేటు మీద పడిపోతోంది. అందుకే జారీసింది" అన్నాడు కింది కుర్రాడు, పైవాడు కళ్లెర్రజేస్తున్నా ఆగకుండా.

సీల్ వారంటీలో ఉంది. ఇంజన్ లోపలి వస్తువు కాబట్టి ఎవరి కాలికీ దానితో సంబంధం లేదు. ఇక్కడితో అయిపోవాలి కదా? కాలేదు. ఫొటోలు తీసి పై ఆఫీసుకి మెయిల్ పెట్టారు. జవాబు ఇలా వచ్చింది: సీల్ ఉచితం, క్లచ్ ప్లేటు మాత్రం అరుగుదల వస్తువు కనుక 'గుడ్‌విల్' కింద సగం ధర. వాళ్ల సీల్ కారి మా ప్లేటు తడిస్తే, సగం ఖరీదు మా మీద దయతో వదిలేశారు.

మా ఆవిడ ఫోన్ తీసి, అందరికీ వినపడేలా చదివింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. 1915కి ఫోన్ చేయొచ్చు. యాభై లక్షల దాకా ఖరీదున్న వస్తువైతే జిల్లా కమిషనే చాలు. ఐదు లక్షలకి పైన, పది లక్షల లోపు పెట్టి కొన్న వస్తువుకి ఫిర్యాదు ఫీజు 200 రూపాయలు. వస్తువులో లోపం ఉందో లేదో మామూలుగా తేలకపోతే ల్యాబ్‌కి పంపించే వీలు చట్టంలోనే ఉంది. "ల్యాబ్ అంటే మా స్కూలుది కాదులే నాయనా" అని ధైర్యం చెప్పింది. 200 అన్న మాట దగ్గర నేను పాత బిల్లు తీసి చూశాను. ఇంజన్ గది తుడిచినందుకు అంతకన్నా ఎక్కువే వేశారు.

మర్నాడు మధ్యాహ్నానికి గుడ్‌విల్ సగం నుంచి పూర్తికి పెరిగింది. గేర్‌బాక్స్ కూలి కూడా ఎగిరిపోయింది. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకోలేదు. జాబ్ కార్డులో కారణం దగ్గర మొదట రాసిన 'డ్రైవింగ్ హ్యాబిట్' మీద పెన్నుతో అడ్డగీత కొట్టించి, పక్కన సంతకం చేయించుకుంది. కొట్టివేతల దగ్గర పొట్టి సంతకం ఉండాలన్నది టెన్త్ పేపర్లు దిద్దేచోట రూలట.

నేను మాత్రం జాబ్ కార్డును ఫొటో తీసి తోడల్లుడికి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

బండి ఇంటికొచ్చాక ఆ అబ్బాయే ఫోన్ చేశాడు. గొంతులో మునుపెన్నడూ లేని వినయం. "మేడమ్, కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది. పదికి పది ఇవ్వండి మేడమ్. తొమ్మిదిచ్చినా మాకు ఫెయిలే."

ఆవిడ కాసేపు ఆలోచించింది.

"మా దగ్గర నూటికి ముప్పై ఐదొస్తే పాస్ నాయనా. నీకు పదికి మూడున్నర ఇస్తాను, బతికిపో. ఆ కింద పనిచేసిన కుర్రాడి పేరేమిటో చెప్పు, ఆ పది అతనికి వేస్తాను."