తోకకు కట్టిన వెల

మలక్‌పేట రేసుకోర్సులో పుస్తకం పట్టుకున్న పండితుడి కంటికి ఎదురుగా నడిచే గుర్రం ఆనదు. దాని తాతముత్తాతలే కనిపిస్తారు. "1200 మీటర్లయితే సరే. ఇండియన్ డెర్బీ 2400, సెయింట్ లెజర్ 2800. ఆ దూరానికి ఈ రక్తం నిలవదు" అని గేటు తెరవకముందే తీర్పు చెప్పేస్తాడు. గుర్రాన్ని చూడకుండా వెల కట్టే విద్య మన సీమకు కొత్తేమీ కాదు. సీమను తడిపే తుంగభద్రకే ఎగువన, హంపీ నుంచి ఏలిన సాళువ నరసింహుడు హర్ముజ్, ఏడెన్ గుర్రాలను వెయ్యి పర్దావు నాణేలకు మూడు చొప్పున, బతికున్నా చచ్చినా కొన్నాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. నడిసముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, పూర్తి ధర ముట్టేదట. వర్తకుడు మళ్లీ రావాలన్న రాజనీతి అందులో ఉందనుకుందాం. తాత పేరు చూసి పందెం కాసేవాడికి ఆ సాకు కూడా లేదు.

ఈ వంశపు లెక్కకు అంకెల అంగీ తొడిగినవాళ్లూ ఉన్నారు. ఫ్రెంచి సైనికాధికారి వూయియే పూర్వీకుల రక్తాన్ని పాళ్లుగా కొలిచే 'డోసేజ్' పద్ధతి మొదలుపెట్టాడు. అమెరికాలో స్టీవెన్ రోమన్ దాన్ని సూచీగా మలిచాడు. 1981 నుంచి ప్రచారంలోకి వచ్చిన సూత్రం ఏమిటంటే, సూచీ 4 దాటిన గుర్రం 2000 మీటర్ల కెంటకీ డెర్బీ గెలవదు. 1991లో సూచీ 9 ఉన్న స్ట్రైక్ ది గోల్డ్ గెలిచి కూర్చుంది. పండితులు సూత్రాన్ని సవరించారా? లేదు, తండ్రిని సవరించారు. దాన్ని కన్న అలీడార్‌ను ఆ తర్వాత సూచీ లెక్కకు ఆధారమైన విశిష్ట పితరుల జాబితాలోకి ఎక్కించారు; కొడుకు సూచీ దానంతటదే దిగివచ్చింది. బిడ్డ గెలిచాక తండ్రికి గోత్రం మార్చే జోస్యం ఎప్పటికి తప్పుతుంది? అయినా 1998లో రియల్ క్వయట్, 1999లో కరిస్మాటిక్, 2005లో జకోమో, 2009లో మైన్ దట్ బర్డ్ గీత దాటి మరీ గెలిచాయి.

"అయితే రక్తంలో ఏమీ లేదంటారా?" అని అడగవచ్చు. ఉంది, చిక్కంతా అక్కడే ఉంది. 2010లో డబ్లిన్ శాస్త్రవేత్త ఎమెలిన్ హిల్ బృందం కండ పెరుగుదలను అదుపు చేసే మయోస్టాటిన్ జన్యువుకూ, గుర్రానికి నప్పే దూరానికీ సంబంధం చూపింది. ఆ జన్యువుకున్న సి, టి రూపాల్లో సి-సి జత పొట్టి పందేలకు, సి-టి మధ్య దూరాలకు, టి-టి దూరపు పందేలకు ఎక్కువగా నప్పుతుందని తేల్చింది. కానీ సి-టి తల్లికీ సి-టి తండ్రికీ పుట్టే పిల్ల ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన అన్నదమ్ముల్లో ఒకటి 1200కు, మరొకటి 2800కు పనికిరావచ్చు. వంశవృక్షంలో మాత్రం ఇద్దరిదీ ఒకే పేజీ. పరీక్షకు కావలసింది ఆ గుర్రం రక్తమే గాని తాతది కాదు. పైగా ఇప్పటి థరోబ్రెడ్ గుర్రాల్లో నూటికి సుమారు తొంభై అయిదు, మగ వరసలో 1704లో ఇంగ్లండు చేరిన డార్లీ అరేబియన్ సంతతే. ఇంత మందికి ఒకడే మూలపురుషుడైతే ఆ గొప్ప ఎవరికి ప్రత్యేకం?

ఇంకా పరుగెత్తని పిల్లను వేలంలో కొనేవాడికి వంశం తప్ప ఆధారమేముందన్నది న్యాయమైన ప్రశ్న. అక్కడ ఊహకు చోటుంది. ఊహగానే ఉంచితే తప్పులేదు. పిల్ల పెరిగి పది పందేలు పరుగెత్తాక, చివరి నాలుగు వందల మీటర్లు ఎన్ని సెకన్లలో ముగించింది, ఎంత బరువు మోసింది, ఎలాంటి నేల మీద పరుగెత్తింది అన్నవి కళ్లముందే ఉన్నాక కూడా ముత్తాతను పిలవడమే విడ్డూరం. సీమ జాతరల బండలాగుడు పందేలు చూడండి. ఎద్దు కొనేటప్పుడు సుడులూ జాతీ చూసే రైతే, పందెం మొదలయ్యాక పళ్లను బట్టి విభాగం, లాగిన అడుగులను బట్టి బహుమతి అంటే ఒప్పుకుంటాడు. "మా ఎద్దు తాత ఇంకా ఎక్కువ లాగేవాడు, ఆ అడుగులు కలపండి" అన్న రైతు ఇంతవరకు లేడు. ఆ మాట అనడానికి పుస్తకం కొనుక్కుని మలక్‌పేట దాకా పోవాలి.