మీటింగు పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక: సాయంత్రం బ్యాగు భుజాన వేసుకుని లిఫ్టు కోసం నిలబడ్డ సహోద్యోగులతో ఒకడు చెప్పిన పద్యమిది. కవి హైటెక్ సిటీ వాస్తవ్యుడు. అప్రైజల్ దగ్గరపడింది కనుక పేరు చెప్పుకోడు.

మెయిలు వచ్చె నిపుడు మీటింగు కలదని
అందు తేలు విషయ మదియె చుమ్ము
"మరల కూడు వేళ మరునాడు చెప్పెద"
వినుడు మ్యూటు నుంచి విధిగ మీరు

ప్రతిపదార్థం: మెయిలు = 'డియర్ ఆల్' అని మొదలై, తప్పు జరిగినప్పుడు మాత్రం ఒక్కరికే వర్తించే లేఖ; ఇపుడు = బస్సు వెళ్లిపోయే ముందు; మీటింగు = న్యూయార్కులో ఉదయం 10 గంటలకు తీరే కొలువు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అది మనకు రాత్రి 7:30కి, తక్కిన కాలమంతా 8:30కి వస్తుంది. ఈ ఆయనాలు మన పంచాంగంలో దొరకవు. తేలు విషయము = చివరికి బయటపడే సంగతి. 'తేలు విషము' అని కొందరి పాఠం. గణం చెడుతుంది కనుక గ్రాహ్యం కాదు గాని, అనుభవానికి చక్కగా సరిపోతుంది. కూడు వేళ = సమావేశమయ్యే సమయం. భోజనవేళ అని కూడా చెప్పవచ్చు, రెండూ ఒకటే కావడం వల్ల అర్థభేదం లేదు.

తాత్పర్యం: మీటింగు ఎప్పుడు పెట్టుకోవాలో తేల్చడానికి మీటింగు ఉంది.

విశేషాలు: 'మరునాడు' అన్న మాట బెకెట్‌ను తలపిస్తుంది. 1953లో పారిస్‌లో తొలిసారి ఆడిన ఆయన గోడో నాటకంలో ఇద్దరు ఒక చెట్టు దగ్గర కాచుకుని ఉంటారు. రెండంకాల్లోనూ చివర ఓ కుర్రాడొచ్చి, గోడోగారు ఇవాళ రారు, రేపు తప్పక వస్తారని కబురు చెబుతాడు. ఆ కుర్రాణ్ణి మనవాళ్లు ప్రాజెక్టు కోఆర్డినేటర్ అంటారు. వెళ్దామనుకుని కూడా అక్కడే నిలబడిపోతారా ఇద్దరూ. 'బై' అన్నాక "ఒక్క నిమిషం, ఇంకొక్క పాయింటు" వినబడినప్పుడు మనం చేసేదీ అదే.

ఇయొనెస్కో 1950 నాటి 'బట్టతల గాయని'లో ఒక జంట కొత్తవాళ్లలా మాటలు కలుపుతుంది. ఎక్కిన రైలు ఒకటే, ఉండే వీధి ఒకటే, ఇల్లూ ఒకటే. ఆహా, మనం మొగుడూ పెళ్లాలం! ఈ ఘట్టం మా కాల్‌లో తరచూ ఆడతారు.

"మీరూ బిల్లింగేనాండీ?"

"అవునండీ, నాలుగో ఫ్లోరు."

"మాదీ నాలుగే! కాఫీ మిషను పక్కన?"

"దానికి అటుపక్క."

రెండేళ్లుగా ఒకే కోడు రాస్తున్నామని అప్పుడు తెలుస్తుంది. నాటకంలో పనిమనిషి వచ్చి, వీళ్లు మొగుడూ పెళ్లాలు కారని ప్రేక్షకులకు చెప్పి పోతుంది. ఇక్కడ ఆ పాత్ర టెస్టింగు వాళ్లది. ఇక గాయని రంగస్థలం మీదికే రాదు. ఎజెండా కూడా అంతే.

పారిస్ దాకా ఎందుకు? జంధ్యాల 'అహ నా పెళ్లంట' (1987)లో పీనాసిగా వేసిన కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఒట్టి అన్నం తింటాడు. మా ఫ్లోరులో ఆ కోడి పేరు ఆన్‌సైట్. ఆ పీనాసికి కోడైనా ఉంది.

'మ్యూటు నుంచి' అనడంలో కవి లోకజ్ఞత కనబడుతుంది. ఒకాయన మ్యూటు మరిచిపోగా కుక్కరు మూడు కూతలు కూసింది. అవతలి దొరగారు అది ఫైర్ అలారమేమోనని కంగారుపడి అందరినీ బయటికి పొమ్మన్నారు. ఆ వారంలో అమలైన నిర్ణయం అదొక్కటే.

రసం: జీతం పడినరోజు హాస్యం, తక్కిన రోజుల్లో కరుణం. అలంకారం: అతిశయోక్తి అని మేనేజర్లు, స్వభావోక్తి అని మేము. పద్యం మంగళాంతంగా ఉండాలని లాక్షణికుల మతం. ఇది 'థ్యాంక్యూ ఆల్' అని ముగియవలసింది గాని, నాలుగో పాదంలో చోటు చాలలేదు.