ముందు చూరు, తర్వాత సోలార్

మే నెల మధ్యాహ్నం మా శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో పది నిమిషాలు కరెంటు పోతే చాలు, జనం వీధిలోకి వచ్చేస్తారు. ఎండ నుంచి తప్పించుకోడానికి మనిషి ఇల్లు కట్టుకుంటాడు. ఆ ఇంట్లో ఉండలేక ఎండలోకే పారిపోయి వచ్చే కాలం దాపురిస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మా రోజుల్లోనూ ఇదే మే నెల, ఇదే ఎండ, ఇదే ఉప్పుగాలి. ఫ్యాను ఉన్న ఇళ్లు ఊరంతటికీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. అయినా మధ్యాహ్నం బువ్వ తిని నడవలో చాప పరుచుకుంటే కునుకు పట్టేది.

మేం ఎండకు ఓర్చుకునే వాళ్లం కాబట్టి అలా ఉండగలిగామని పిల్లలు అంటారు. మా ఓర్పు గొప్పతనం ఏమీ లేదర్రా, ఇంటి గొప్పతనం అది. మన సిక్కోలు, విజయనగరం పల్లెల్లో, ముఖ్యంగా సముద్రపొడ్డున, చుట్టిళ్లు ఉండేవి. గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు కప్పు, నడుం వంచితే గాని లోపలికి పోలేనంత కిందికి దిగిన చూరు. ఆ చూరు వల్ల గోడకు ఎండ తగిలేది కాదు. మట్టిగోడ తొందరగా వేడెక్కదు. ఇల్లు గుండ్రంగా ఉండబట్టి తుపాను గాలి పక్కలకు జారిపోయేది, మూల దొరికితే కదా పట్టుకుని లేపడానికి! కాస్త కలిగినవాళ్లవి పెంకుటిళ్లు. వాటికీ ముందు అరుగు, మధ్యలో నడవ, గాలి వచ్చే దారి, పోయే దారి. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి తిరుగుతుందని తాపీ మేస్త్రీకి తెలుసు. కిటికీ ఎటు పెట్టాలో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు? పలచటి గోడ, పైన సిమెంటు శ్లాబు. చూరు లేదు, అరుగు లేదు. స్థలం కలిసి రావాలని అరుగు కొట్టేసి గది కలిపేస్తారు. పడమటి ఎండ నేరుగా గోడకు కొడుతుంది. పగలంతా శ్లాబు తాగిన వేడిని రాత్రంతా మన నెత్తిన కక్కుతుంది. దానికి విరుగుడుగా ఏసీ. పద్దెనిమిది మీద పెట్టి, చలేస్తోందని దుప్పటి కప్పుకుంటారు! 2020 నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల మీదే మొదలవ్వాలని కేంద్రంలో ఇంధన పొదుపు చూసే బీఈఈ నిబంధన పెట్టింది. ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని ఆ సంస్థే లెక్క చెప్పింది. వినేదెవరు? రిమోటు చేతికి రాగానే వేలు కింది బాణం మీదికే పోతుంది.

కరెంటు విలువ మాకు ఎందుకు తెలుసంటే, అది ఎక్కణ్నుంచి వచ్చిందో మాకు తెలుసు. ఉత్తరాంధ్రకు వెలుగు మాచ్‌ఖండ్ నుంచి వచ్చింది. మనకూ ఒడిశాకూ సరిహద్దు కొండల్లో, 1955లో ఆ జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. బొగ్గు కాల్చకుండా, కొండమీంచి దూకే నీళ్లతో తీసిన కరెంటు అది. ఇప్పుడు పునరుత్పాదక ఇంధనం అని కొత్తగా పేరు పెట్టి చెప్పేది మన ప్రాంతం డెబ్బై ఏళ్ల కిందటే వాడుకుంది. కాని ఆ జలాశయం కింద గిరిజనుల ఊళ్లు మునిగాయి, వేలమంది నేల వదిలి పోయారు. మన బల్బు కోసం ఎవరి పొయ్యో ఆరింది. అందుకే గదిలోంచి లేస్తే దీపం ఆర్పాలని మా పెద్దలు కేకలేసేవారు. పిసినారితనం కొద్దీ అన్న మాట కాదది.

మంచి జరిగితే మంచి అనే చెప్తాను. 2014లో ఎల్ఈడీ బల్బుల పంపిణీ రాష్ట్రంలో ముందుగా మొదలైన నాలుగు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. పాత బల్బు తీసుకుని, పది రూపాయలకొకటి చొప్పున ఇంటికి రెండు ఇచ్చారు. అరవై వాట్లు తాగే బల్బు పోయి ఏడు వాట్లది వచ్చింది. వెలుగు తగ్గలేదు. ఆ తర్వాతే ఆ పథకం దేశమంతా పోయి ఉజాలా అయింది. మన జిల్లా గర్వపడాల్సిన సంగతి. అయితే ఆ ఆదా ఏమైంది? తక్కువ తాగుతుంది కదా అని ఇప్పుడు బల్బు ఆర్పడమే మానేశారు. చాలా ఊళ్లలో పట్టపగలు పది గంటలకు కూడా వీధి దీపాలు వెలుగుతుంటాయి. చూసుకుంటూ పోయేవాళ్లే గాని స్విచ్చు నొక్కేవాళ్లు లేరు.

పొలం సంగతీ అంతే. మా రోజుల్లో ఏతం ఎక్కి తొక్కేవారు, ఇద్దరు చెరోవైపు నిలబడి గూడ వేసేవారు. ఒంటి చెమటతో తోడిన నీటిని ఎవడూ గట్టు దాటనివ్వడు. ఆ కష్టం మళ్లీ రావాలని నేను కోరను. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇచ్చారు, రైతు ఊపిరి పీల్చుకున్నాడు. కాని ఉచితం అనేసరికి మోటారును చూసేవాడు లేకుండా పోయాడు. చవకగా దొరికిందని రేటింగ్ లేని మోటారు, దానికి కెపాసిటర్ ఉండదు, ఫుట్‌వాల్వు కారుతుంటుంది, ఆటో స్టార్టర్ పెట్టి ఇంటికి పోతే చేను నిండి కాలవలోకి పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాత 2020లో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టే ప్రయోగానికీ మన జిల్లానే ఎంచుకున్నారు. మీటరు వస్తే రేపు బిల్లు కూడా వస్తుందని రైతులు భయపడ్డారు, ఆ భయంలో న్యాయం ఉంది. నేననేది ఒకటే: కొలిచే యంత్రానికి పెట్టే శ్రద్ధ, నీరు తోడే యంత్రానికి ముందు పెట్టండి. రైతుకు మంచి మోటారు, సరైన పైపు ఇస్తే మీటరు లేకపోయినా కరెంటు మిగులుతుంది.

వంటింటి దగ్గర మాత్రం మా రోజులే బాగున్నాయని నేను అనను. పాలు కాగడానికి దాలి, వంటకు సరుగుడు కర్ర, మిల్లు దగ్గర ఊక తెచ్చి కూరిన ఊకపొయ్యి, ఏదీ వృథా పోయేది కాదు, నిజమే. కాని ఆ పొగ మా అమ్మల కళ్లు తినేసింది. 1999లో దీపం పథకం గ్యాసు ఇచ్చింది. 2024 నవంబరు 1న, ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమంటూ దీపం రెండో విడత మొదలైంది కూడా మన ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలోనే. ఆడవాళ్లకు పొగ తప్పించిన పనిని ఏ ముసలాడూ తప్పు పట్టకూడదు.

ఇప్పుడు అందరూ సోలార్ అంటున్నారు. సంతోషం. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు ముప్పై వేలు, మూడు కిలోవాట్లకు మొత్తం 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. పెట్టుకోండి. అయితే కర్నూలు లెక్క మనకు పనికిరాదు. పాణ్యం వైపు గని, శకునాల దగ్గర వేల ఎకరాల మెట్ట మీద వెయ్యి మెగావాట్ల పార్కు కట్టారు. అనంతపురం గుట్టల మీద గాలిమరలు నిలబెట్టారు. ఆ నేలకు అది తగింది. వంశధార నీరు పారే మాగాణి మీద సోలార్ పలకలు పరుస్తామంటే మనం ఒప్పుకోకూడదు. మనకు దక్కిన జాగా ఇంటికప్పులు, బడికప్పులు, ఆఫీసుల కప్పులు.

పైగా మనది తుపాన్ల గడ్డ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, స్తంభాలు వరసగా పడిపోయాయి, రోజుల తరబడి చీకటి. మోటారు తిరగక ట్యాంకు నిండలేదు, తాగే నీటికి కటకట. మా రోజుల్లో తుపాను వెళ్లిన మర్నాడు బావిలో చేద వేసుకునేవాళ్లం. ఆ బావులు పూడ్చేశారు. మామూలు సోలార్ ఉంటే అప్పుడు ఆదుకుంటుందనుకుంటున్నారు చాలామంది. కాని లైను కరెంటుకు కలిపిన సోలార్, లైను పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకుండా అలా చేస్తారు. బ్యాటరీ ఉంటేనే చీకట్లో పనికొస్తుంది. కాబట్టి మన తీరంలో ప్రతి తుపాను షెల్టరుకూ, ప్రతి మంచినీటి పథకానికీ బ్యాటరీతో సోలార్ ఉండాలి. ఉప్పుగాలికి తుప్పు పట్టని ఫ్రేములు, తుపాను గాలికి లేవని బిగింపు ఉండాలి. రాయలసీమలో బిగించినట్టు ఇక్కడ బిగిస్తే పలక ఎగిరి పక్కింటివాడి మెడ మీద పడుతుంది.

ఇంత గొణుగుడు ఎందుకంటే, మనం తగలేసిన ప్రతి యూనిట్టుకూ మన తీరమే జవాబు చెప్పాల్సి వస్తోంది. సోంపేట బీల చిత్తడి నేలలో థర్మల్ కేంద్రం వద్దన్నందుకు 2010 జులైలో తూటాలు పేలాయి. మరుసటి ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర దగ్గర మళ్లీ అదే. రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు కడతామంటున్నారు. డిమాండు పెరిగిపోతోంది, ఏం చేయమంటారు అని అడుగుతారు. ఆ డిమాండులో అవసరం ఎంత, దుబారా ఎంత అని ఎవరూ విడదీసి చెప్పరు. చిల్లుకుండను నింపడానికి కొత్త బావి తవ్వినట్టుంది వరస.

కనక చదివేవారికి నా మాట ఇది. ఇల్లు కట్టేటప్పుడు చూరు వదలండి, పడమటి గోడకు నీడ ఇవ్వండి, సముద్రపు గాలికి కిటికీ పెట్టండి. ఇప్పటికే కట్టేసిన శ్లాబు మీద వేసవికి ముందు తెల్లసున్నం కొట్టండి. డెబ్బై అయిదు వాట్ల పాత ఫ్యాను పాడైతే ముప్పై వాట్ల బీఎల్డీసీ ఫ్యాను కొనండి. ఇవన్నీ అయ్యాక సోలార్ పెట్టండి, అప్పుడు మూడు కిలోవాట్లు కావాల్సిన ఇంటికి రెండు చాలుతాయి. పంచాయతీలు కొత్త కాలనీలకు ప్లాను ఇచ్చేముందు ఒకసారి పాత చుట్టిల్లు చూసి రావాలి. అవి ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి, కట్టడం తెలిసిన మేస్త్రీలూ కొందరు మిగిలారు. వాళ్లుండగానే అడిగి నేర్చుకోండి.